కంటికి కనబడని కిరణములు

1895వ సంవత్సరమున జర్మనీ దేశీయుడగు రాంట్‌జెన్ ఎక్సురే కిరణములను కనుగొనెను. కత్తిగాటు లేకుండ దేహములోని యెముకలను చూపు ఆ కిరణములకు లోకము అబ్బురపడినది. అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేయు క్లారెన్స్ డాలీ, ఎక్సురే గొట్టములను పరీక్షించునపుడు తన చేతులనే వాని కెదురుగా నుంచెడివాడు. ఆ కిరణములు కంటికి కనబడవు. తగిలినపుడు నొప్పియు తెలియదు. కొంతకాలమునకు అతని చేతులపై పుండ్లు లేచి క్యాన్సరుగా మారెను. వైద్యులు చేతులు తొలగించినను ప్రాణము దక్కలేదు. 1904లో అతడు మరణించెను. ఇట్లు కిరణసేవలో అసువులు బాసినవారి పేర్లు చెక్కిన స్మారకశిలను 1936లో జర్మనీలోని హాంబర్గు నగరమున నెలకొల్పిరి.

ఎక్సురేలకు దగ్గరి చుట్టములగు గామా కిరణములు నేడు క్యాన్సరు శస్త్రచికిత్సలో వైద్యునికి దారి చూపుచున్నవి. రొమ్ము క్యాన్సరు వ్యాపించునపుడు సాధారణముగా ముందు చంకలోని లింఫు గ్రంథులను చేరును. పూర్వము ఆ గ్రంథులను పెక్కింటిని తీసివేసెడివారు. అందువలన పలువురికి చేయి వాచి, చిరకాలము బాధించెడిది. 1993లో అమెరికా వైద్యుడు డేవిడ్ క్రాగ్ తన సహచరులతో కూడి ఒక క్రొత్త పద్ధతిని వెల్లడించెను. టెక్నీషియమను రేడియో ధార్మిక పదార్థమును స్వల్పముగా కణితి చెంత సూదితో ఎక్కింతురు. అది లింఫు నాళముల వెంట సాగి మొదటి గ్రంథిని చేరును. వైద్యుడు కలమువంటి పరికరమును చర్మముపై త్రిప్పగా ఆ గ్రంథి దగ్గర శబ్దము హెచ్చును. దానిని తీసి పరీక్షింతురు. అందు క్యాన్సరు లేకున్న మిగిలిన గ్రంథుల జోలికి పోనక్కరలేదు.

ఈ టెక్నీషియము శక్తి 6 గంటల కొకమారు సగమగును. 12 గంటలకు నాలుగవ వంతు, 24 గంటలకు పదునారవ వంతు మాత్రమే మిగులును. కావున రోగికి తగులు కిరణముల మోతాదు మిక్కిలి తక్కువ.

రోగికి ఇది ఒక్కనాటి పని. వైద్యులకు, నర్సులకు నిత్యకృత్యము. కావున వారు మూడు నియమములను పాటింతురు. మొదటిది కాలము: పనిని ముందే చక్కగా నేర్చి, త్వరగా ముగింపవలెను. రెండవది దూరము: దూరము రెట్టింపైనచో కిరణముల తీవ్రత నాలుగవ వంతుకు తగ్గును. మూడవది కవచము: సూదిమందు గొట్టమునకు సీసము వంటి బరువైన లోహపు తొడుగు వేయుదురు. తీసిన కండను, రక్తపు గుడ్డలను గుర్తు వేసి వేరుగా నుంచి, శక్తి తగ్గిన పిదపనే పారవేయుదురు. గర్భవతులగు ఉద్యోగినులు ఆ సంగతిని ముందే తెలుపవలెను.

డాలీ కాలమున ఈ కిరణములకు అంతర్జాతీయముగా నిర్ణయించిన హద్దు లేదు. నేడు ఉద్యోగులకు సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించరాదని అంతర్జాతీయ నియమము కలదు. దుస్తులపై ధరించు చిన్న బిళ్ల వారికి తగిలిన మోతాదును లెక్కించును. ఈ చికిత్సలో ఆ మోతాదు సాధారణముగా హద్దునకు ఎంతయో దిగువనే యుండును.

భయపడి మేలును వదలుకొనుటయు, అలవాటుపడి జాగ్రత్తను విడుచుటయు, రెండును తగవు. కంటికి కనబడని దానిని కొలిచి మెలగుటయే వివేకము.