చీటీలో ఏముంది?

కూతురికి మొదటి కాన్పు. పుట్టింటికి తీసుకొచ్చారు. నొప్పులు మొదలై ఒక రోజు గడిచింది. కాన్పు కాలేదు. బిడ్డ గుండె సరిగా కొట్టుకోవడం లేదని డాక్టరమ్మ చెప్పింది. పెద్ద ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు.

ఇప్పుడు ఇలాంటి ఆపరేషన్లు చాలా జరుగుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. తెలంగాణలో నూరు కాన్పులకు 60కి పైగా ఆపరేషన్ కాన్పులే. ఆంధ్రప్రదేశ్‌లో 42. ఆపరేషన్ చేసేది డాక్టరు. తర్వాత కనిపెట్టి చూసుకోవలసింది ఆస్పత్రిలో నర్సు, ఇంట్లో మనం.

ఆస్పత్రిలో

ఆ రాత్రి సిస్టరమ్మ చాలాసార్లు వచ్చింది. నాడి చూసింది. బి.పి. చూసింది. రక్తం ఎంత పోతోందో చూసింది. మూత్రం సంచీ చూసింది. మంచం పక్కన తల్లి కూర్చుని అన్నీ గమనించింది.

కొన్ని గంటలు గడిచాయి. సిస్టరమ్మ కొంచెం కొంచెంగా నీళ్లు తాగించింది. నాయనమ్మ ఉలిక్కిపడింది. "పచ్చి బాలింతకు నీళ్లా? కుట్లు చీము పట్టవూ?" అంది.

"నీళ్లతో చీము పట్టదు అవ్వా. మురికి చేతులతో పడుతుంది. నీళ్లు తాగకపోతే మూత్రం మంట పుడుతుంది. మలబద్ధకం వస్తుంది. ముక్కితే కుట్లు నొప్పి పుడతాయి" అంది సిస్టరమ్మ.

మర్నాడు కూతుర్ని లేపి నడవమంది. కూతురు ఏడ్చింది. తల్లి భయపడింది.

"నడిస్తే కుట్లు ఊడవా అమ్మా?"

"ఊడవు. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. అందుకే నాలుగడుగులు వేయించాలి."

ఎలా లేవాలో కూడా చూపించింది. ముందు ఒక పక్కకు తిరగాలి. చెయ్యి ఆనించి మెల్లగా లేచి కూర్చోవాలి. కాసేపు కాళ్లు కిందకు వేలాడేయాలి. తల తిరగడం లేదనుకుంటే నిలబడాలి. పక్కన మనిషి ఉండాలి. దగ్గు వస్తే కడుపు మీద దిండు అదిమి పట్టుకోవాలి. పక్కకు తిరిగి పడుకుని బిడ్డకు పాలివ్వొచ్చు. అప్పుడు కుట్ల మీద బరువు పడదు.

ఐదోరోజు ఇంటికి పంపారు. చేతికి ఒక కాగితం ఇచ్చారు. అంతా ఇంగ్లీషులో ఉంది. తల్లి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"అమ్మా, ఏం చెయ్యాలో దీని వెనకాల తెలుగులో రాసివ్వండి. నేను చదువుకుంటాను" అంది.

సిస్టరమ్మ ఆమె మొహం చూసి నవ్వింది. పెద్ద అక్షరాలతో రాసిచ్చింది.

ఇంట్లో

నాయనమ్మ పథ్యం మొదలుపెట్టింది. ఒంటిపూట అన్నం. అందులో వెల్లుల్లి కారం. అంతే. "పప్పు తింటే కుట్లు చీము పడతాయి" అంది.

తల్లి చీటీ తీసింది. కూడబలుక్కుని చదివింది. "అత్తా, వెల్లుల్లి కారం పెట్టు. దాంతో పాటు పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు కూడా పెట్టాలట. తిండి లేకపోతే గాయం త్వరగా మానదట." నాయనమ్మ గొణిగింది. కానీ అడ్డు చెప్పలేదు.

కుట్ల దగ్గర చెమట పట్టిందని నాయనమ్మ రెండుసార్లు కొంగుతో తుడిచింది. అది ప్రేమే. కానీ కొంగుకు మురికి ఉంది.

ఎనిమిదో రోజు సాయంత్రం కూతురికి ఒళ్లు కాలింది. కుట్ల దగ్గర ఎర్రబడింది. నీరులా కారుతోంది. నాయనమ్మ పసుపూ నూనే కలిపి తెచ్చింది. "రెండు రోజులు రాస్తే అదే పోతుంది" అంది.

తల్లి మళ్లీ చీటీ తీసింది. చివరి వరుస చదివింది. 'ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆగవద్దు. వెంటనే రండి.'

"పసుపు వద్దత్తా. ఆస్పత్రికి పోదాం" అంది. 108కి ఫోన్ చేయించింది.

డాక్టరమ్మ రెండు కుట్లు విప్పి చీము తీసింది. కడిగి కట్టు కట్టింది. మందులు ఇచ్చింది. "మంచి సమయానికి తెచ్చారు. ఇంకా ఆలస్యమైతే లోపలికి పాకేది" అంది.

వారం తర్వాత గాయం మానుముఖం పట్టింది. ఇంటికి వచ్చాక నాయనమ్మ కోడలి పక్కన కూర్చుంది. "ఇంకా ఏం రాసుందే అందులో? మొత్తం చదువు, వింటా" అంది.

చీటీలో ఉన్నది ఇదీ

1. కుట్లు ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
2. కుట్లు పొడిగా ఉంచాలి. స్నానం తర్వాత శుభ్రమైన పొడి గుడ్డతో అద్దాలి. రుద్దకూడదు.
3. పసుపు, నూనె, బూడిద రాయకూడదు.
4. నీళ్లు బాగా తాగాలి. అన్నీ తినాలి.
5. రోజూ ఇంట్లో నడవాలి. 6 వారాలు బిందె మోయకూడదు. బిడ్డకంటే బరువైనది ఎత్తకూడదు.
6. నొప్పి తగ్గినా ఇచ్చిన మందులు మధ్యలో ఆపకూడదు. ఇనుము మాత్ర రోజుకొకటి, 6 నెలలు వేసుకోవాలి.
7. గంటలో గుడ్డ తడిసిపోయేంత రక్తం పోయినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, తల బాగా నొప్పి పుట్టి చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయకూడదు.
8. ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆగవద్దు. వెంటనే రండి.

చేతులు కడిగించిన డాక్టరు

వియన్నా అనే నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. 1846లో అక్కడి ఆస్పత్రిలో ఆయన వార్డులో నూరుమంది బాలింతల్లో 11 మంది చనిపోయారు. డాక్టర్లు శవాలను కోసి పరీక్షించేవారు. అవే చేతులతో వచ్చి కాన్పులు చేసేవారు. 1847లో ఆయన అందరిచేత మందు కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. 1848లో నూటికి ఒకరిద్దరే చనిపోయారు. మొదట చాలామంది ఆయన మాట నమ్మలేదు. ఇప్పుడు లోకమంతా నమ్ముతోంది.

మన హక్కు

2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. దీని కింద సర్కారు ఆస్పత్రిలో కాన్పు ఉచితం. ఆపరేషన్ అయినా ఉచితమే. మందులకు, పరీక్షలకు, రక్తానికి డబ్బు కట్టనక్కర లేదు. ఆపరేషన్ అయితే 7 రోజుల వరకు భోజనం పెడతారు. ఇంటికి చేర్చే బండి కూడా ఉచితమే. ఎవరైనా డబ్బు అడిగితే ఎందుకని అడగండి.

చర్చించండి

1. మీ ఊళ్లో బాలింతకు ఏమేం పెట్టరు? ఎందుకు పెట్టరు?
2. నాయనమ్మ చేసిన వాటిలో మంచిది ఏది? మానవలసింది ఏది?
3. చీటీ చదవడం రాకపోతే ఆ రాత్రి ఏమయ్యేది?

రాయండి

చీటీలోని 8వ మాటను పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాయండి. మీ వీధిలో ఆపరేషన్ అయిన వాళ్లుంటే వారి ఇంటికి వెళ్లి చదివి వినిపించండి. ఆ కాగితం వారికే ఇచ్చి రండి.