ఫుల్‌స్టాక్ తర్వాత... ముందు ఒక్క పేజీ!

అనకాపల్లిలో డిగ్రీ చివరి ఏడాది పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఒకటే మాట: ‘హైదరాబాద్ అమీర్‌పేట పంపి ఫుల్‌స్టాక్ వెబ్ కోర్సు చేయిస్తే ఉద్యోగం ఖాయం.’ ఫీజుకీ హాస్టల్‌కీ అప్పు చేసేవాళ్లూ ఉన్నారు. కోడ్ రాయడం ఇష్టమేనా అని పిల్లల్ని అడిగేవాళ్లే తక్కువ.

‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న ఫ్లెక్సీ చూసి డబ్బు కట్టేయకండి. ప్లేస్‌మెంట్ అంటే ఉద్యోగమా, ఇంటర్వ్యూకి పంపి చేతులు దులుపుకోవడమా? మధ్యలో మానేస్తే ఎంత వాపసిస్తారు? కాగితం మీద రాసిమ్మనండి. నోటిమాటే అంటే లేచి వచ్చేయండి.

ఇక నేర్చుకునే వరసే తలకిందులు. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ చేతికి రాకుండానే రియాక్ట్ అనే లైబ్రరీలోకి దూకుతారు. 2013లో బయటికొచ్చిన రియాక్ట్ నిలబడిందే జావాస్క్రిప్ట్ మీద. అది రాకుండా దూకడం నేల విడిచి సామే. వీడియో చూస్తూ టైప్ చేసినంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటుంది. వీడియో ఆపేసి, ఖాళీ ఫైలు ముందు కూర్చున్నప్పుడు సరుకెంతో తేలుతుంది.

మీవాణ్ని మన బెల్లం మార్కెట్లో ఓ కొట్టుకి వెబ్‌పేజీ చేయమనండి. ఇంట్లో చక్కగా కనబడిన బెల్లం దిమ్మల ఫొటో నెట్‌లో పెట్టగానే మాయం! ఫొటో ఉన్న చోటుగా తన కంప్యూటర్లోని సీ డ్రైవ్‌ని రాసి ఉంటాడు. లేదా ఫైలు పేరులో పెద్దక్షరం, కోడ్‌లో చిన్నక్షరం. విండోస్ పట్టించుకోదు, లైనక్స్ సర్వర్ ఒప్పుకోదు. అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పకపోతే కొట్టు పేరులోని తెలుగు పిచ్చి గుర్తులైపోవచ్చు. పేజీని ఫోన్ వెడల్పుకి సర్దే వ్యూపోర్ట్ లైను మరిస్తే ఫోన్లో అక్షరాలు ఆనవు. బ్రౌజర్లో ఎఫ్12 నొక్కితే ఏ ఫైలు దొరకలేదో, ఏ లైను దగ్గర కోడ్ ఆగిందో కన్సోల్ చెబుతుంది. అది చదవకుండా ఏఐ ఇచ్చింది తెచ్చి అతికిస్తే మళ్లీ అదే తప్పు.

నేర్చుకోవడానికి అర్హతలేవీ అక్కర్లేదు. ఉద్యోగానికి మాత్రం చాలా కంపెనీలు డిగ్రీ అడుగుతాయి.

నా సలహా ఒకటే: మొదటి మూడు నెలలు ఇంట్లోనే నేర్చుకోనివ్వండి. ఎండీఎన్, ఫ్రీకోడ్‌క్యాంప్ సైట్లలో పాఠాలు ఉచితం. రాయడానికి వీఎస్ కోడ్, నెట్‌లో పెట్టడానికి గిట్‌హబ్ పేజెస్, తప్పులు దిద్దుకోవడానికి డబ్ల్యూ3సీ వాలిడేటర్... వీటికీ పైసా అక్కర్లేదు. సొంతంగా ఒక పేజీ నిలబెట్టాక కూడా కోచింగ్ కావాలనిపిస్తే, రోజూ విశాఖ వెళ్లి రావచ్చు. హాస్టల్ ఖర్చైనా తప్పుతుంది.

అప్పటికీ ఆసక్తి కలగకపోతే మానేయనివ్వండి. ‘పక్కింటివాడికి వచ్చింది, నీకేం రోగం’ అన్న మాట మాత్రం ఇంట్లో వినబడకూడదు.