పది షేర్లు రెండొందలైతే పన్ను లెక్క ఎలా?

ప్రశ్న: నాన్నగారు 2000లో కొన్న 10 డాక్టర్ రెడ్డీస్ షేర్లు నా పేరిట మారాయి. డీమ్యాట్‌లో 200 ఉన్నాయి. అమ్మితే కొన్న ధర ఎంత చూపాలి?
– ఒక పాఠకుడు, దర్శి

జవాబు: లెక్క సరిగ్గానే ఉందండీ. 2001లో ముఖ విలువ రూ.10 నుంచి రూ.5 అయింది, మీవి 20. 2006లో ఒకటికి ఒకటి బోనస్, 40. 2024 అక్టోబరులో రూ.5 కాస్తా రూ.1 అయింది, 200. ఇలా ముఖ విలువ తగ్గించే స్ప్లిట్‌తో పెట్టుబడి మారదు, అదే మొత్తం ఎక్కువ షేర్లకు సర్దుకుంటుంది. బోనస్‌వాటికి కొన్న ధర సున్నా.

అయినా గాబరా వద్దు. 2018 జనవరి 31 నాటి గరిష్ఠ ధరను, అమ్మకం ధర దాటకుండా, బోనస్ షేర్లకూ కొన్న ధరగా చూపొచ్చు. కాకపోతే అది 2024 స్ప్లిట్‌కు ముందు ధర, 5తో భాగించాలి. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ స్ప్లిట్, బోనస్ వివరాలుంటాయి. అమ్మే ముందే ప్రింటు తీసి దాచుకోండి.