పాఠశాలా ఫలకము – భాషాలింగము

బహిరంగలేఖనమునకు సమాచారబోధనము, ప్రతీకత్వము నను రెండు ప్రయోజనములను 1997లో లాండ్రీ, బూరిస్ అను పరిశోధకులు చెప్పిరి. మన నైయాయికుల పరిభాషలో ఫలకము లింగము. దానిచే అనుమింపబడు సాధ్యము భాషాస్థితి. ఈ లింగము సద్ధేతువేనా యనునది విచార్యము.

తమిళనాట కృష్ణగిరి జిల్లా హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమ పాఠశాలలు కలవు. ద్వారముపై తెలుగులో పేరున్నంత మాత్రమున లోపల తెలుగు చదువు నిండుగా సాగుచున్నదని నిశ్చయింపరాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తమిళమును ప్రథమభాగమున నిర్బంధముగా నిలిపి, ఇతర మాతృభాషలకు ఐచ్ఛికస్థానము నిచ్చినది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటేటా పై తరగతికి ప్రాకునట్లు దానిని ఏర్పరచిరి. ఫలకము మాత్రము మారనక్కరలేదు! కావున హేతువు సవ్యభిచారము.

మఱి ఫలకము లేనిచోట భాషయే లేదనవచ్చునా? తప్తాయఃపిండమున ధూమము లేకున్నను వహ్ని కలదు. ఇంట తెలుగు పలుకుచు తెలుగులిపి నెఱుగని కుటుంబములు ఆ రాష్ట్రమున నెన్నియో కలవు. వారి బిడ్డలకు బడిగోడమీది వర్ణమాలాపటమే లిపితో తొలిపరిచయము కాదగినది. అందుచే ద్వారఫలకముకంటె తరగతిగోడను పరీక్షింపవలెనని నా యభిప్రాయము. ద్వారముపై నుండునది శాసనము. లోనిది ఉపాధ్యాయుని పూనిక. అందును అచ్చుపటముకంటె, బాలుడు స్వహస్తమున వ్రాసి యంటించిన కాగితము బలవత్తరమైన లింగము. ప్రాథమికదశలో మాతృభాషాబోధనమునకు సౌకర్యములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. గోడ సంగతి చెప్పలేదు.