కూలర్ కొనేముందు గదినీ కేబినెట్‌నీ చూడు

హైదరాబాద్

చిరంజీవి కార్తీక్‌కు,

గేమింగ్ కంప్యూటర్‌కి రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్ తీసుకున్నావనీ, దానికి 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ పెట్టాలని ఉన్నావనీ అన్నయ్య చెప్పాడు. ప్రాసెసర్ మంచిదే ఎంచుకున్నావు. కూలర్‌కి డబ్బు కట్టేముందు మాత్రం ఈ నాలుగు ముక్కలూ చదువు.

ముందు ఆ చిప్పు ఎంత వేడి పుట్టిస్తుందో తెలుసుకోవాలి. దాని టీడీపీ, అంటే కూలర్ ఎంత వేడి తీయగలగాలో తయారీదారు చెప్పే లెక్క, 120 వాట్లు. పూర్తి భారం మీద 162 వాట్ల దాకా తీసుకునే వీలుంది. గేములు ఆడేటప్పుడు మాత్రం మామూలుగా 80 వాట్ల లోపే ఉంటుంది. అదే ఇంటెల్ కోర్ ఐ9-14900కె అయితే 253 వాట్ల దాకా పోతుంది. అలాంటి దానికి పెద్ద లిక్విడ్ కూలర్ అవసరమే. నీ చిప్పుకి ఉన్న చిక్కు వేరు. అందులో అదనపు క్యాష్ మెమరీ కోర్లున్న సిలికాన్ ముక్క నెత్తిన పేర్చి ఉంటుంది. కోర్ల వేడి ఆ పొర దాటి పైకి రావాలి. రావడమే ఆలస్యమైనప్పుడు పైన ఎంత పెద్ద కూలర్ పెట్టినా లాభం కొంతే. రెండు టవర్ల ఎయిర్ కూలర్, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ లాంటిది, నీకు బాగా సరిపోతుంది.

ఇక మీ విజయవాడ ఎండల సంగతి. ఎయిర్ అయినా లిక్విడ్ అయినా చివరికి వేడిని వదిలేది గదిలోని గాలికే. గది గాలి కంటే చల్లగా ఏదీ చెయ్యలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు 68 చూపించిన ప్రాసెసర్, మే నెలలో గది 38కి చేరితే 80 దాటుతుంది. కంగారుపడకు. దాని గరిష్ఠ పరిమితి 89 డిగ్రీలు. అది దగ్గరపడితే తానే వేగం తగ్గించుకుంటుంది.

అందుకే కూలర్ మీద మిగిలిన డబ్బులో కొంత కేబినెట్ మీద పెట్టు. ముందువైపు అద్దం కాకుండా జాలీ ఉన్నది తీసుకో. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి తోయాలి. వేడి గాలి లోపలే తిరుగుతుంటే ఎంత ఖరీదైన కూలరూ ఏమీ చెయ్యలేదు. నేను చెప్పిన కూలర్ ఎత్తు 155 మిల్లీమీటర్లు. నీ కేబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో, ర్యామ్ స్టిక్కులు ఫ్యాన్‌కి అడ్డొస్తాయో లేదో కొలతలు చూసుకో.

లిక్విడ్ కూలర్‌లో పంపు ఉంటుంది. అది పోతే సాధారణంగా మొత్తం కూలర్ మార్చాల్సిందే. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యానే. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది, నువ్వే మార్చుకోగలవు. చదువుకునే వయసులో నీ చేతిలో బాగయ్యే వస్తువే నీకు మేలు.

బిగించేటప్పుడు తొందరపడకు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తప్పకుండా తియ్యి. థర్మల్ పేస్ట్ చిప్పు మధ్యలో బఠాణీ గింజంత చాలు. రెండువైపులా స్క్రూలు మార్చిమార్చి కొద్దికొద్దిగా బిగించు. ఫ్యాన్ వైరు మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టు. తర్వాత దుమ్ము పేరుకోకుండా మూణ్ణెల్లకోసారి ఫ్యాన్ రెక్కలు కదలకుండా పట్టుకుని శుభ్రం చెయ్యి.

లిక్విడ్ కూలర్లు చూడ్డానికి అందంగా ఉంటాయి, కాదనను. కానీ గేములో ఫ్రేములు ముఖ్యంగా పెంచేది గ్రాఫిక్స్ కార్డు. మిగిలిన డబ్బు అటు పెడితే ఆడిన ప్రతిరోజూ ఆ తేడా నీకు తెలుస్తుంది. ఆర్డర్ పెట్టేముందు కేబినెట్, ర్యామ్ మోడళ్ల పేర్లు నాకు పంపు. కొలతలు ఇద్దరం కలిసి చూద్దాం.

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ బాబాయి