వాట్సాప్ ఎవరి కోసం పని చేస్తున్నది?

సహీహ్ బుఖారీ సంకల్పానికి (నియ్యత్) సంబంధించిన హదీసుతో మొదలవుతుందన్న సంగతి మనకు తెలుసు. ఒక మనిషి సంకల్పం అల్లాహ్‌కే ఎరుక. వ్యాపార సంస్థ విషయం కొంత వేరు. దానికి డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తున్నదో చూస్తే, అది ఎవరిని మెప్పించడానికి పాటుపడుతున్నదో చాలావరకు బయటపడుతుంది. అది తయారుచేసే వస్తువు కూడా అందుకు తగిన రూపమే తీసుకుంటుంది. మన ఇళ్ళలో అందరి చేతుల్లోనూ ఉన్న వాట్సాప్‌నే తీసుకుందాం.

2009లో దీన్ని స్థాపించిన జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్ అంతకు ముందు యాహూలో పని చేశారు. ప్రకటనల వ్యాపారాన్ని లోపలి నుంచి చూసి విసిగిపోయినవారు. కూమ్ బాల్యం సోవియట్ పాలనలోని ఉక్రెయిన్‌లో గడిచింది. ఫోనులో మాట్లాడితే ఎవరు వింటారోనని జనం జంకే చోటు అది. తమ దగ్గర ప్రకటనలు ఉండవని వారు 2012లో కారణాలతో సహా బహిరంగంగా చెప్పారు. మరి ఖర్చులు? మొదటి ఏడాది ఉచితం, తర్వాత ఏడాదికి దాదాపు ఒక డాలరు.

ఆ డాలరు వస్తువును ఎలా మలిచిందో గమనించండి. డబ్బిచ్చేది వాడుకునే మనిషే కాబట్టి అతని వయసు, ఊరు, ఇష్టాయిష్టాలు ఆరా తీయవలసిన పని లేదు, ఫోను నంబరు చాలు. దమ్మామ్‌లోని కొడుకు సందేశం కరీంనగర్‌లోని తల్లికి చేరగానే సర్వర్ నుంచి తొలగిపోయేది. మనిషిని తెర ముందు గంటల తరబడి కూర్చోబెడితే కంపెనీకి ఒరిగేదేమీ లేదు. చవక నోకియా ఫోన్లలో కూడా అది నడిచింది.

2014లో ఫేస్‌బుక్ దాదాపు 1,900 కోట్ల డాలర్లకు దీన్ని కొంటున్నట్టు ప్రకటించింది. ఫేస్‌బుక్ ఆదాయం దాదాపు అంతా ప్రకటనలదే. 2016 జనవరిలో ఆ డాలరు రుసుము ఎత్తేశారు. చాలామందికి బ్యాంకు కార్డులు లేవన్నారు, అది నిజమే. కాని రుసుముతో పాటు, వాడుకునేవాడే ఖాతాదారుడన్న లెక్క కూడా పోయింది. అదే ఏడాది ఆగస్టులో మన ఫోను నంబర్లను ఫేస్‌బుక్‌తో పంచుకునే కొత్త షరతులు వచ్చాయి. రెండు చోట్ల ఉన్న ఖాతాలను యాంత్రికంగా జతపరచడం నమ్మకంగా సాధ్యం కాదని కొనుగోలు సమయంలో ఫేస్‌బుక్ యూరప్ అధికారులకు చెప్పింది. ఆ సమాచారం తప్పుదోవ పట్టించేదని తేల్చి యూరోపియన్ కమిషన్ 2017లో 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. తూకంలో మోసం వంటిదే ఇది, కాకపోతే తక్కెడ మన కళ్ళకు కనిపించదు.

ఆక్టన్ 2017లో, కూమ్ 2018లో సంస్థను వదిలి వెళ్ళారు. ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యే స్టేటస్ 2017లో వచ్చింది, 2023లో ఛానళ్ళు వచ్చాయి. ఎవరికీ ఏమీ పంపే పని లేకపోయినా ఊరికే తెరిచి చూసే అలవాటు వీటితోనే మొదలైంది. అలా చూసే కళ్ళు ఉన్న చోటే ప్రకటనకు గిరాకీ. 2025 జూన్‌లో స్టేటస్‌ల మధ్య ప్రకటనలు చూపుతామని కంపెనీ చెప్పింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పంపినవారు, అందుకున్నవారు తప్ప మరెవరూ సందేశాన్ని చదవలేని ఏర్పాటు 2016 ఏప్రిల్‌లో, అంటే ఫేస్‌బుక్ చేతికి వెళ్ళాకే పూర్తయింది. స్థాపకులు అప్పటికి ఇంకా లోపలే ఉన్నారు. యజమాని మారినంత మాత్రాన తొలి సంకల్పం ఒక్కరోజులో చెరిగిపోదు.

ఆక్టన్ 2018లో 5 కోట్ల డాలర్లు ఇచ్చి సిగ్నల్ ఫౌండేషన్ ఏర్పాటులో పాలుపంచుకున్నాడు. సిగ్నల్ విరాళాలతో నడుస్తున్నది, ప్రకటనలు లేవు. అయితే మన బంధువుల్లో ఎక్కువ మంది వాట్సాప్‌లోనే ఉన్నారు కనుక దాన్ని వదలండని మేము చెప్పబోవడం లేదు. ఆ ప్రకటనలు స్టేటస్‌లు, ఛానళ్ళు ఉండే అప్‌డేట్స్ విభాగానికే పరిమితమని కంపెనీ చెప్పింది. సందేశాల పేజీ చూసుకుని ఫోను పక్కన పెట్టేసే ఇంటికి అవి ఎదురుపడవు.