నల్లజీడి గింజ: మేలెంత, కీడెంత?

మీ ఇంట్లో ఏ పాత డబ్బాలోనో నాలుగు నల్లజీడి గింజలు ఉన్నాయా? అయితే ఈ పాఠం మీ కోసమే.

నల్లజీడి మన అడవుల్లో పెరిగే చెట్టు. మామిడి, జీడిమామిడి, సారపప్పు చెట్లు దీనికి చుట్టాలు. గింజ నల్లగా నిగనిగలాడుతుంది. దాని పెంకులో చిక్కని జిగురు రసం ఉంటుంది. గాలి తగిలితే ఆ రసం నల్లబడుతుంది. గుడ్డకు అంటితే ఎంత ఉతికినా పోదు. అందుకే చాకలివారు దానికి సున్నం కలిపి బట్టల మీద గుర్తులు పెట్టేవారు. రంగులకు, వార్నిష్‌లకు కూడా ఈ రసం పనికొస్తుంది. ఆయుర్వేదంలో దీన్ని భల్లాతకం అంటారు. వైద్యులు ఇటుక పొడి వంటి వాటితో శుద్ధి చేశాకే మందులో వాడతారు.

చిక్కంతా పచ్చి రసంతోనే. అది చర్మాన్ని కాలుస్తుంది. కొందరికి కొద్దిగా తగిలినా ఒళ్ళు పడక దద్దుర్లు, వాపు వస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మన దేశానికి వచ్చిన అమెరికా సైనికులకు బట్టల మీది చాకలి గుర్తు తగిలిన చోటల్లా దురద, బొబ్బలు వచ్చాయి. 1943లో వారి డాక్టర్లు ఈ విషయం గురించి రాశారు.

ఒకసారి మా వార్డుకు షుగరు ఉన్న ఒక పెద్దామెను తీసుకొచ్చారు. మడమల నిండా బొబ్బలు. వేడినీళ్ళు పడ్డాయని ఇంటివారు చెప్పారు. పక్కనే ఉన్న కొడుక్కి కనురెప్పలు వాచి ఉన్నాయి. దాని గురించి ఎవరూ అడగలేదు. మూడో రోజున మనవరాలు నా దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది: "పగుళ్ళకని నాన్న జీడి రాశాడు." రాసిన చేత్తోనే ఆయన కళ్ళు నలుపుకున్నాడు. ఆమెకు పాదాల్లో స్పర్శ తగ్గింది కాబట్టి మంట తెలియలేదు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఇద్దరికీ బాధ తగ్గేది.

జీడిరసం తగిలితే ఇలా చేయండి:

1. వెంటనే సబ్బుతో, ఎక్కువ నీళ్ళతో కడగండి. గట్టిగా రుద్దవద్దు. గోళ్ళ సందులు కూడా కడగండి.

2. కడగకముందు నూనె, నెయ్యి రాయవద్దు. రసం వాటితో కలిసి పక్క చర్మానికి పాకుతుంది.

3. ఆ బట్టలు తీసేసి విడిగా ఉతకండి.

4. కంట్లో పడితే మంచినీళ్ళతో కనీసం పదిహేను నిమిషాలు కడుగుతూ, ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

5. బొబ్బలు చిదమవద్దు. పసుపు, ఆకు పసర్లు పెట్టవద్దు. దురదకు చల్లని తడిగుడ్డ వేయండి.

6. గింజ మింగితే వాంతి చేయించకండి. వెంటనే తీసుకురండి.

బొబ్బలోని నీరు తగిలితే ఇంకొకరికి అంటదు. చేతికో, బట్టకో మిగిలిన రసమే అంటుతుంది. కాబట్టి రోగిని దూరం పెట్టనక్కరలేదు. దద్దుర్లు అదే రోజు రాకపోవచ్చు. రెండు మూడు రోజుల తర్వాత కూడా వస్తాయి.

ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, బొబ్బలు పెరిగినా, చీము పట్టినా, రోగికి షుగరు ఉన్నా ఇంట్లో ఆగకండి. గింజలను పొయ్యిలో వేయకండి, ఆ పొగ కూడా కీడు చేస్తుంది. దిష్టికని పసిబిడ్డ ఒంటికి రసం పెట్టకండి, గింజ కట్టకండి. బెణుకులకు, పుండ్లకు, పగుళ్ళకు పచ్చి రసం రాయకండి.

చివరిగా ఒక మాట. ఆసుపత్రికి వచ్చేముందు ఇంట్లో ఏమి రాశారో, ఏమి తాగించారో మాతో దాచకండి. మిమ్మల్ని కోప్పడటానికి అడగడం లేదు. మీవారి మీద ప్రేమతోనే రాశారని మాకు తెలుసు. మీరు చెప్పే ఆ ఒక్క మాటతో సరైన మందు తొందరగా అందుతుంది.